రెస్పెట్ బ్లాకు

మొన్న కూర్మన్నపాలెంలో మా మేనకోడలు కొత్తగా కొనుక్కున్న ఫ్లాటుకి భోజనానికి వెళ్ళాను. తిన్నాక, మా క్లబ్‌హౌసు చూద్దువుగాని రా అత్తా అని కిందికి తీసుకెళ్ళింది. ఎంత పరుగెత్తినా మనిషిని ఉన్నచోటే ఉంచే యంత్రాలూ, ఎవరూ దిగని ఈతకొలనూ దాటాక ఒక చల్లటి గదిలో స్నూకర్ బల్ల ఉంది. ఇద్దరు కుర్రాళ్ళు ఆడుతున్నారు. బల్ల మీద నల్లబంతి ఒక్కటే మిగిలింది. ఒకడు దాన్ని మూల సంచిలోకి కొట్టాడు. ఇద్దరి పాయింట్లూ సమానమయ్యాయి. ఇప్పుడేంటి అన్నాడు కొట్టినవాడు. రెండోవాడు ఫోను తీసి అడిగాడు. ఫోను జవాబు చెప్పింది. నల్లబంతిని సంచిలోంచి తీసి దాని చుక్క మీద మళ్ళీ పెట్టారు, రూపాయి ఎగరేశారు, ఆట సాగింది. మంచినీళ్ళు తాగినంత సేపు కూడా పట్టలేదు. ఎందుకలా అని ఇద్దరిలో ఒక్కడూ అడగలేదు. నేను మాత్రం గుమ్మంలోనే నిలబడిపోయాను. అదే ప్రశ్నకు అదే జవాబు రాబట్టడానికి, నేను డిగ్రీ చదివే రోజుల్లో మల్కాపురంలో ఒక హాలు హాలంతా రెండుగా చీలింది. మా నాన్న నోరు తెరవాల్సి వచ్చింది. ఇంట్లో ఎప్పుడూ నోరు మూయని మనిషికి అక్కడ తెరవడం ఎంత కష్టమైందో నేను కళ్ళారా చూశాను.

నాన్నది కృష్ణా జిల్లా, దివిసీమ వైపు ఒక పల్లె. రేవులో గుమస్తా ఉద్యోగం దొరికి ఇటు వచ్చారు. నేను మల్కాపురంలోనే పుట్టాను. మా క్వార్టరు వెనక గోడకి అవతలే ఇన్‌స్టిట్యూట్ ఉండేది. ఆ పేరు వింటే ఏదో చదువుల చోటనుకుంటారు. రేవు ఉద్యోగులు సాయంత్రాలు పేపరు చదువుకునే, పేకాడుకునే పెంకుల హాలు అది. మధ్యలో దొరల కాలం నాటి స్నూకర్ బల్ల, దాని మీద ఆకుపచ్చ రేకు గొడుగుల దీపాలు. నాన్న ఆ ఇన్‌స్టిట్యూట్‌కి గౌరవ కార్యదర్శి. గౌరవ అంటే జీతం లేదని అర్థం, అని ఎవరడిగినా అమ్మ చెప్పేది. మా ఇంట్లో బట్టలారేసే ముందు గాలి ఎటునుంచి వీస్తోందో చూడాలి. ఒకవైపు నుంచి వీస్తే ఇనప ఖనిజం ఎర్రదుమ్ము, ఇంకోవైపు నుంచి వీస్తే రిఫైనరీ వాసన. దుమ్ము పట్టిన చీరకన్నా కంపు పట్టిన చీర నయమని అమ్మ తేల్చుకుంది. ఆదివారం పొద్దున బల్ల మీది పచ్చగుడ్డకి ఇస్త్రీ చేయాలి. దానికి బొగ్గులు పోసే పెట్టె పనికిరాదు, రవ్వ పడితే గుడ్డకి చిల్లు. పొయ్యి మీద కాచే బరువైన పెట్టె ఒకటి వేరే ఉండేది, దాన్ని మా వంటింట్లోనే కాచేవారు. అందుకని ఆదివారమంటే నాకిప్పటికీ పులిసిన పిండి వాసనా, కాలిన ఇనుము వాసనా కలిసి వస్తాయి. "దోశల పెనానికి పొయ్యి ఖాళీ లేదు గాని, దొరల బల్లకి ఇస్త్రీయా?" అని అమ్మ విసుక్కునేది. నాన్న ఆ పెట్టెను పాతగుడ్డతో పట్టుకుని, నిండు బిందెను మోసినంత జాగ్రత్తగా గోడ చుట్టూ తిరిగి హాల్లోకి వెళ్ళేవారు. వెనక నేను.

నాన్న సంస్కరణ సభల్లో పెరిగిన మనిషి. దేవుడు, జాతకం, కులం, శకునం, దేన్నీ వదిలేవారు కాదు. గడ్డం గీసుకుంటూ అద్దంలో ఎదుటి పక్షాన్ని ఊహించుకుని దానితో వాదించేవారు. సబ్బు నురగ ఆరిపోయేది గాని వాదం ఆరేది కాదు. అన్నం దగ్గర రోజుకొక ప్రతిపాదన. నేను అవునంటే ఆయన కాదనేవారు, నేను కాదంటే ఆయన అవుననేవారు. "కారణం చెప్పు, చారు పోసుకో" అనేవారు. ఆదివారాలు చర్చి నుంచి తిన్నగా మా ఇంటికి వచ్చే డేనియల్ మావయ్య, రేవులో క్రేను నడిపే ఆయన, గుమ్మంలోంచే కేకేసేవాడు.

"ఏం బావా, దేవుడు లేడని ఇయ్యాలైనా తేల్చేసేవా?"

"ఉన్నాడని మీ పాస్టరు గారు తేల్చారా?"

"తేల్చేరు. నువ్వు తిన్నగా నరకానికే పోతావని కూడా తేల్చేరు. అక్కడ కాఫీ దొరకదంట. అక్కా, ఇక్కడే తాగించి పంపేద్దాం!"

దేవుడి వాదం తేలనప్పుడు నాన్న స్నూకర్ లెక్కలు తీసేవారు. ఆట చివర్లో వచ్చే చిక్కులంటే ఆయనకు ప్రాణం. మనిషి బుద్ధి ఎక్కడ తప్పుతుందో ఆట చివర్లోనే తెలుస్తుంది అనేవారు.

"నల్లబంతి ఒక్కటే ఉంది. నువ్వు ఎనిమిది పాయింట్లు ముందున్నావు. ఆట ఉందా, అయిపోయిందా?"

"అయిపోయింది. నల్లబంతి విలువ ఏడు. వేసినా నన్ను అందుకోలేరు."

"ఏడే ముందున్నావు?"

"ఉంది. వేస్తే సమానమవుతారు."

"ఏడు ముందున్నావు, వంతు నీదే. నీ తెల్లబంతి నల్లదాన్ని తాకకుండా పోయింది."

"తప్పు. ఆ ఏడూ అవతలివాళ్ళకి. సమానం."

"సమానమైతే?"

"ఎవరూ గెలవలేదు. నల్లబంతి దాని చుక్క మీదికి. బొమ్మా బొరుసూ వేసి ఎవరు మొదలుపెట్టాలో తేల్చుకోవాలి. ఇక ఎవరు ముందు వేస్తే వాళ్ళది, ఎవరు ముందు తప్పు కొడితే అవతలివాళ్ళది."

అమ్మ గరిటె పట్టుకుని నిలబడి వినేది. "నాదొక లెక్క చెప్పండి. ఆఖరి వడియం ఒక్కటే ఉంది. తండ్రీ కూతుళ్ళు సమానంగా తిన్నారు. ఎవరిది?"

"నీది" అన్నారు నాన్న.

"నేనింకా కూర్చోనే లేదు. నన్ను లెక్కలో వేశారా అసలు?"

నాన్న చారు పోసుకున్నారు. ఆ వడియం నేనే అమ్మ కంచంలో వేశాను. కంచంలో వేయగానే సరిపోయిందని అనుకున్నాను కూడా. మా ఇంటి సంస్కరణ అంతవరకే వెళ్ళింది.

నేను ఆట నేర్చుకున్నది ఎవరో నేర్పితే కాదు. ఇస్త్రీ సరిగ్గా వచ్చిందో లేదో తెలియాలంటే గుడ్డ మీద బంతి దొర్లించి చూడాలి. తిన్నగా పోతే సరే, పక్కకి లాగితే మళ్ళీ పెట్టె తిప్పాలి. ఆ దొర్లించే పని నాది. దొర్లించడం పోయి తోయడమైంది, తోయడం పోయి కొట్టడమైంది. నాన్న కాదనలేదు. కర్ర చివర చాక్‌పీసు ఎలా రుద్దాలో, ఎడమచెయ్యి గుడ్డ మీద ఎలా ఆన్చాలో చూపించారు. హాలు సాయంత్రం అయిదింటికి గాని తెరిచేవారు కాదు. ఆడవాళ్ళు గుమ్మం దాటే రోజు ఆదివారం సాయంత్రం ఒక్కటే, అదీ వరండా వరకు, తంబోలా కోసం. నేను ఆ వరండా దాటి లోపల ఆడుతున్నట్టు మా ఇంటికీ, డేనియల్ మావయ్యకీ తప్ప ఎవరికీ తెలియదు.

ఆ హాల్లో ఒక మాట ఉండేది: రెస్పెట్ బ్లాకు. ఆట చివర నల్లబంతి పడి ఇద్దరూ సమానమయ్యారనుకోండి, చుట్టూ ఉన్నవాళ్ళు "రెస్పెట్ బ్లాకు!" అని ఒక్కసారిగా అనేవారు. వెంటనే ఇద్దరిలో చిన్నవాడు కర్రను తీసుకెళ్ళి స్టాండులో పెట్టేసేవాడు. గెలుపు పెద్దవాడిది. రెస్పెక్ట్ అన్నది మా వైపు నోళ్ళలో రెస్పెట్ అయిందనీ, పెద్దలకు మర్యాదగా ఆ నల్లబంతిని ఇచ్చేస్తారనీ అందరి అవగాహన. వయసు ఒకటే అయితే హోదా చూసేవారు. హోదా కూడా ఒకటే అయితే ఎవరి ఇల్లు పెద్దదో చూసేవారేమో, అంతవరకు ఎప్పుడూ రాలేదు. ఆ మర్యాద వల్ల ఎక్కువ లాభపడింది సింహాచలం నాయుడు గారు. లాంచీల మీద సారంగుగా పనిచేసి, అంటే నడిపించే పెద్దగా ఉండి రిటైరై, ఇన్‌స్టిట్యూట్‌కి అధ్యక్షుడైన మనిషి. మడత నలగని పంచె, రేకు పెట్టెలో సొంత కర్ర. ఆట కూడా గొప్పగా ఆడేవారు. మర్యాద అక్కరలేనంత బాగా ఆడేవారు. అదే నాకు మండేది.

"ఇంట్లో ఒక రూలు, హాల్లో ఒక రూలా?" అని నాన్నను నిలదీశాను. నౌకాదళం వాళ్ళ మెస్సులో ఒకసారి అతిథిగా ఆడినప్పుడు నల్లబంతిని మళ్ళీ పెట్టడం ఆయన చూశారు. ఆ రూలు నాకు చెప్పింది ఆయనే. "అక్కడి పద్ధతి వేరులే" అన్నారు. దేవుడి గురించి డేనియల్ మావయ్య ఆ మాటంటే వదిలేవారా? నేనూ వదల్లేదు. చివరికి చెప్పారు. కొత్తగా రేవుకి వచ్చి, ఉండటానికి చోటు లేక తిరుగుతున్నప్పుడు నాయుడు గారు తన వరండాలో మంచం వేయించారట, ఒక వర్షాకాలమంతా. "ఆయన నొచ్చుకుంటారమ్మా." అంతే. జాతకాలను చీల్చి చెండాడే మనిషి ఒక మంచానికి కట్టుబడిపోయారు. కృతజ్ఞత మంచి గుణమే. కాని సమానమైన రెండు అంకెల్లో ఒకటి పెద్దదని చెప్పించే కృతజ్ఞతను నేను అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను.

కిటికీలోంచి ఎవరో నన్ను చూసి కమిటీలో చెప్పారు. మరుసటి ఆదివారం తంబోలా జరుగుతుండగా నాయుడు గారు వరండాలో కుర్చీ వేసుకుని నాన్నను పిలిచారు. నేను పక్కనే ఉన్నాను.

"ఏటి రావు గారూ, పాప కర్ర పడతందంట?"

"ఆడుతుందండీ. బాగానే ఆడుతుంది."

"బాగా ఆడతాదో నేదో టేబులు సెప్తాది. ఆడపిల్లకి లోపలేటి పని? ఇక్కడ తంబోలా నేదా?"

"తంబోలాలో ఆడేదేముందండీ?" అన్నాను. "ఎవరో అంకె పిలుస్తారు, మనం కొట్టేస్తాం."

ఆయన నన్ను కిందినుంచి పైకి చూసి నవ్వారు. "దీనికి నోరుంది. సరే, నాతో ఒక ఆట ఆడు. గెలిస్తే రోజూ రా, ఎవడడ్డొస్తాడో నాను సూత్తాను. ఓడిపోతే మాత్రం ఈ గుమ్మం తొక్కకు."

"ఆడతానండీ. ఆ రెండో మాట మాత్రం ఒప్పుకోను. ఓడినవాళ్ళు రాకూడదంటే రోజూ సాయంత్రం ఈ హాల్లో సగంమందిని బయటికి పంపాలి."

"ముందు నన్ను పంపాలి" అన్నాడు డేనియల్ మావయ్య. "నాను గెలిచిందెప్పుడు గనక!"

ఆట రోజు అమ్మ నా ఓణీకి రెండుచోట్ల పిన్నీసులు పెట్టింది. "బల్ల మీదికి వంగినప్పుడు ఇది జారిందంటే వాళ్ళింక బంతులు చూడరు" అంది. అంతకన్నా ఉపయోగపడే సలహా ఆ రోజు నాకెవరూ ఇవ్వలేదు. తను హాల్లోకి రాకూడదు కాబట్టి, ఆరిన బట్టలు తీస్తున్నట్టు వెనక గోడ దగ్గర నిలబడింది. అవి తీయడం ఆ సాయంత్రం ఎంతకీ పూర్తికాలేదు. హాలు నిండిపోయింది. బీడీ పొగ, తడిసిన చొక్కాలు, కొబ్బరినూనె, ఆ గదికి ఉండే చాక్‌పీసు పొడి వాసన. ఆట చూసి తీర్పు చెప్పే పని కార్యదర్శిగా నాన్నదే. గోడకి ఉన్న చెక్క స్కోరుబోర్డు దగ్గర డేనియల్ మావయ్య, ఇత్తడి ముల్లు జరుపుతూ.

నాయుడు గారు తొందరపడలేదు. ఎర్రబంతి, నల్లబంతి, ఎర్రబంతి, నల్లబంతి, ఒకదాని వెనక ఒకటి వేసుకుంటూ పోయారు. నేను దొరికినవి ఏరుకున్నాను. ఎర్రబంతులు అయిపోయి రంగుల వంతు వచ్చేసరికి ఆయన చాలా ముందున్నారు. నీలంబంతి దగ్గర ఆయన లెక్క తప్పింది, అది నాకు పడింది, దాని వెనకే గులాబీది కూడా. ఇక నల్లబంతి ఒక్కటే మిగిలింది. ఆయన సరిగ్గా ఏడు ముందున్నారు. వంతు నాది. ఎడమచెయ్యి గుడ్డ మీద ఆన్చి కొట్టాను. నల్లబంతి పక్క అంచుని రాసుకుంటూ పోయి, సంచి మూతి దగ్గర ఆగినట్టే ఆగి, పడింది.

డేనియల్ మావయ్య నా ముల్లును జరిపాడు. రెండు ముళ్ళూ ఒక్క వరసన నిలబడ్డాయి. అప్పటిదాకా బిగబట్టిన హాలు ఒక్కసారి ఊపిరి వదిలి అంది: "రెస్పెట్ బ్లాకు!" వాళ్ళ గొంతుల్లో సంతోషం కన్నా నిశ్చింత ఎక్కువుంది. ఆడపిల్ల గెలవలేదు, పెద్దాయన ఓడలేదు. నాయుడు గారు కర్రను గుడ్డతో తుడుస్తూ, "బాగా ఆడేవు పాపా, నీ ఈడుకి సానా బాగా ఆడేవు" అన్నారు. నేను నా కర్రను స్టాండులో పెట్టలేదు.

"ఆట అయిపోలేదండీ."

"ఏటి అయిపోనేదు? నల్లది దిగిపోనాది. టేబులు కాళీ."

"బోర్డు చూడండి."

"సూసేను. సమానం. సమానమైతే పెద్దోడిది."

"సమానమైతే ఎవరూ గెలవలేదని కదండీ అర్థం?"

"దిగిపోయిన నల్లదాన్ని మళ్ళీ లేపుతావేటి? ఈ హాల్లో అలగెప్పుడూ నేదు."

"ఇందాకటి నుంచీ మీరు నల్లబంతి వేసిన ప్రతిసారీ రిఫరీ దాన్ని తీసి చుక్క మీద పెడుతూనే ఉన్నారు. అప్పుడు లేచింది ఇప్పుడెందుకు లేవకూడదు?"

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. నాయుడు గారి మొహం బిగిసింది. "అది ఆట మద్దిలోనమ్మా. ఇది ఆకరు."

"ఆఖరని ఎవరు చెప్పారు? బంతి చెప్పిందా, బోర్డు చెప్పిందా?"

అక్కడితో హాలు చీలింది. కుర్రాళ్ళు కొందరు, పిల్ల అన్నదాంట్లో తప్పేటి అన్నారు. పెద్దవాళ్ళు, రావు గారూ మీ అమ్మాయిని తీసుకెళ్ళండి అన్నారు. నాయుడు గారు చెయ్యెత్తి అందర్నీ ఆపి, సభలో మాట్లాడినట్టు అన్నారు: "ఇది దొరల రూలు. దొరలు పోయేరు, రూలూ పోయింది. ఇక్కడ నడిసేది మన పద్దతి, పెద్దల పద్దతి."

"బల్ల దొరలదే ఉంచుకున్నాం. బంతులు దొరలవే ఉంచుకున్నాం. కర్ర, చాక్‌పీసు, ఫౌల్ అనే మాట కూడా వాళ్ళదే. వీటన్నిటికీ మనం కలిపింది ఒక్క పెద్దరికమేనా?"

అని నాన్న వైపు తిరిగాను. నాన్నా అనలేదు. "కార్యదర్శి గారూ, మిమ్మల్ని అడుగుతున్నాను. ఆట ముగిసిందా, లేదా?"

నాన్న పచ్చగుడ్డనే చూస్తున్నారు. ఎక్కడో ముడత పడినట్టూ, ఇస్త్రీ సరిగ్గా రానట్టూ. దేవుడు లేడని పదిమందిలో చెప్పడం ఆయనకు తేలిక. దేవుడు ఆయనకు మంచం వేయలేదు. నాకప్పుడు ఓడిపోతానన్న భయం లేదు. నాన్న తలెత్తకుండా "అయిపోయిందమ్మా" అంటారేమోనన్న భయమే. ఆ ఒక్క మాట అంటే, అన్నం దగ్గర ఆయన నేర్పిన ప్రతి కారణమూ వట్టి కాలక్షేపమని తేలిపోతుంది. ఇంట్లో ఆయన ఇచ్చిన సమానత్వం గోడ దాటి రాదని తేలిపోతుంది. "ఇంట్లో చెప్పిందే ఇక్కడ చెప్పండి" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినబడింది.

నాన్న తలెత్తారు. "నాయుడు గారూ, ఆ మాట రెస్పెట్ కాదండీ."

"మరేటి?"

"రీస్పాట్. స్పాట్ అంటే ఈ చుక్క. రీ అంటే మళ్ళీ. నల్లబంతిని మళ్ళీ చుక్క మీద పెట్టమని. దొరలాడేటప్పుడు అరిచిన ఆ కేక మనవాళ్ళెవరో విన్నారు. అర్థం మాత్రం వేరే చెప్పుకున్నాం."

ఆ మాట నేనూ అప్పుడే మొదటిసారి వినడం. ఒక్కొక్కరూ పెదాల మీద ఆ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి చూసుకోవడం కనబడింది. రెస్పెట్, రీస్పాట్. ఇన్నేళ్ళుగా కర్రలు దించేసిన కుర్రాళ్ళు, ఇప్పుడు మీసాలు నెరిసినవాళ్ళు, తాము దేనికి దించేశామో ఆలోచించుకుంటున్నారు.

"ఇన్నాళ్ళూ ఎందుకు సెప్పనేదు?" నాయుడు గారి గొంతులో కోపం కన్నా నొప్పి ఎక్కువుంది.

"మీరు నాకు ఉండటానికి చోటిచ్చారు. మీ మాట దిద్దడానికి నోరు రాలేదండీ."

"ఇప్పుడొచ్చిందేటి?"

"ఇప్పుడడిగింది మా అమ్మాయి కాదు. ఆట ఆడే మనిషి. రిఫరీని అడిగింది." నాన్న సంచిలోకి చెయ్యి పెట్టి నల్లబంతిని తీశారు. జేబురుమాలుతో తుడిచి, చుక్క మీద పెట్టి, వెనక్కి జరిగారు. "సమానం. ఆట ముగియలేదు."

"దేవుడున్నాడు బావా!" అని అరిచాడు డేనియల్ మావయ్య.

"ఈ ఒక్క పూటకి ఉండనీ" అన్నారు నాన్న.

నాయుడు గారు వెళ్ళిపోతారనుకున్నాను. కర్ర అప్పటికే రేకు పెట్టెలో సగం దూరింది. దాన్ని బయటికి లాగి, పంచె ఎగ్గట్టి, "పెట్టేరు కదా. లేపిన నల్లదాన్ని నానే దింపుతాను" అన్నారు. రూపాయి ఎగరేశారు. నేను గెలిచాను. "మీరే మొదలుపెట్టండి" అన్నాను. "అద్గదీ, పాప రెస్పెట్ ఇచ్చింది!" అన్నారెవరో. "మర్యాద కాదండీ. ఇక్కణ్ణుంచి మొదటి దెబ్బకి అది పడటం కష్టం. మొదలుపెట్టినవాళ్ళే ఇరుక్కుంటారు" అన్నాను. నాయుడు గారు ఆ సాయంత్రం మొదటిసారి నన్ను పిల్లలా కాక, ఎదుటి ఆటగాడిలా చూశారు. "తెలుసు. నానైనా అదే సేద్దును" అన్నారు.

ఆయన నల్లబంతిని ఒరుసుకుంటూ కొట్టి తెల్లదాన్ని వెనక్కి తెచ్చేసుకున్నారు. నేనూ అదే చేశాను. కాసేపు అలా దాగుడుమూతలు సాగాయి. ఎవరూ బీడీ ముట్టించలేదు. నాకొక దారి కనబడింది, బల్ల పొడుగునా, మూల సంచికి. ఆగి ఉండవచ్చు, ఆగలేదు. కొట్టాను. నల్లబంతి సంచి రెండు పెదాలకీ తగిలి, మూతి దగ్గర నిలిచిపోయింది. నాయుడు గారు దాని మీద ఎక్కువసేపు నిలబడలేదు. వేసేశారు. ఓడిపోయాను.

పెద్దలంటే మర్యాద లేదని నన్ను తిడుతూ ఇప్పటికీ నేను రాసే వ్యాసాల కింద పాఠకులు కామెంట్లు పెడుతుంటారు. నేను వాళ్ళకు ఆ హాలు సంగతే చెప్తాను. ఒక చుక్క మర్యాదగా మారడానికి ఒక్క చెవి పొరబడితే చాలు. దాన్ని ఆచారంగా నిలబెట్టడానికి మాత్రం తెలిసినవాళ్ళంతా నోరు మూసుకోవాలి. మనం ఎంతో పవిత్రంగా మోస్తున్న వాటిలో ఎన్ని ఇలా తప్పుగా విన్న కేకలో ఎవరు విప్పి చూశారు? ఇప్పటి పిల్లలకు జవాబు చేతిలోనే ఉంది, సంతోషం. కాని జవాబు తేలిగ్గా దొరికిన చోట, దాని కోసం ఒకరి మొహం చూసి ఒకరు నిలబడాల్సిన అవసరం ఉండదు. రేపు ఆ ఫోను పెద్దవాడిదే గెలుపని చెప్తే అంతే తేలిగ్గా కర్ర దించేస్తారు. నాకు జవాబు కన్నా, ఆ రోజు నాన్న సంచిలో పెట్టిన చెయ్యి ముఖ్యం.

కర్ర తుడుచుకుంటూ నాయుడు గారు నా దగ్గరికి వచ్చారు. "సూసేవా? మొదట్నే ఒప్పేసుకుంటే ఇంత గొడవుండేది కాదు కదా. ఎలాగైనా నాదే కదేటి గెలుపు."

"అప్పుడైతే మీరు పెద్దవారు మాత్రమేనండీ. ఇప్పుడు గెలిచారు."

ఆయన కర్రను రేకు పెట్టెలో పెట్టుకున్నారు. తర్వాత, పక్కవాళ్ళకి వినబడేలా అన్నారు: "మాట మాటే. ఓడిపోయేవు. రేపట్నుంచి రాకు."

"ఆ మాట మీది. నేను మొదటే ఒప్పుకోలేదు."

అమ్మ ఆ రాత్రి అన్నం దగ్గర మాతోపాటే కంచం పెట్టుకుని కూర్చుంది. ఎవరూ ఏ ప్రతిపాదనా పెట్టలేదు. మర్నాడు సాయంత్రం, ఎప్పుడూ నాకు చెప్పకుండా ముందే వెళ్ళిపోయే నాన్న, చెప్పులు వేసుకుని మా గుమ్మంలో నిలబడ్డారు. నేను ఓణీ సర్దుకుని వచ్చేదాకా కదల్లేదు. ఇద్దరం గోడ చుట్టూ తిరగకుండా, వీధిలోంచి, అందరూ చూసే దారినే వెళ్ళాం. తాళం ఆయనే తీశారు. కాసేపటికి ఒక్కొక్కరూ వచ్చారు. నాయుడు గారూ వచ్చారు. నన్ను చూశారు, నాన్నను చూశారు, రేకు పెట్టె తెరిచి కర్ర తీసుకున్నారు. రమ్మని అనలేదు, పొమ్మనీ అనలేదు. నేను ఆ రెండింటి కోసమూ ఆగలేదు, ఎర్రబంతులు పేర్చాను.